లా పరీక్షలో ప్రాబ్లమ్ క్వశ్చన్: పెన్ను పెట్టేముందు కొన్ని జాగ్రత్తలు

బాగా చదివినవాళ్లు కూడా ప్రాబ్లమ్ క్వశ్చన్ (ఒక కల్పిత సంఘటన ఇచ్చి, చట్టం ప్రకారం ఏమవుతుందో చెప్పమనే ప్రశ్న) దగ్గర మార్కులు పోగొట్టుకుంటారు. సగం చదవగానే ‘ఓహో, ఇది ఫలానా కేసు’ అనిపిస్తుంది. ఇక మిగతా సగం కళ్లకు ఆనదు. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

అందుకే ముందు చివరి వాక్యం చదవండి. ‘సీతకు సలహా ఇవ్వండి’ అని అడిగారా, ‘రవి బాధ్యతను చర్చించండి’ అన్నారా? అది తేలాక మొదటి నుంచి రెండుసార్లు చదివి వయసు, తేదీ, సమయం, ఎవరు ఏ మాట అన్నారు అన్నవాటి కింద గీత పెట్టండి. ప్రశ్న తయారుచేసినవారు ఇలాంటి వివరాలను ఊరికే పెట్టరు.

ఒక ప్రశ్న చూద్దాం. రవి తన కారును ఫలానా ధరకు అమ్ముతానని సీతతో అంటాడు. ‘డబ్బు రెండు నెలల్లో ఇస్తే ఒప్పుకుంటారా?’ అని సీత మెసేజ్ పెడుతుంది. రవి పలకడు. సాయంత్రం ‘సరే, మీరు చెప్పినట్టే తీసుకుంటాను’ అని ఆమె మళ్లీ రాస్తుంది. అప్పటికే రవి కారును వేరేవాళ్లకు అమ్మేశాడు.

కంగారులో చాలామంది హైడ్ వర్సెస్ రెంచ్ (1840) కేసు రాసేస్తారు. అందులో వెయ్యి పౌండ్ల ఆఫర్‌కు కొనేవాడు 950 ఇస్తానన్నాడు. అది కౌంటర్ ఆఫర్, అంటే ఎదురు ప్రతిపాదన, దాంతో మొదటి ఆఫర్ రద్దయిపోయింది. కానీ సీత బేరం ఆడిందా, వివరం అడిగిందా? గడువు గురించి అడిగినంత మాత్రాన ఆఫర్ పోదని స్టీవెన్సన్ వర్సెస్ మెక్‌లీన్ (1880) చెబుతుంది. ‘ఒప్పుకుంటారా’ అన్న మాట ఎటు మొగ్గుతుందో రెండు వైపులా వాదించి, ఒక వైపు తేల్చండి. మార్కులు ఎక్కువగా వచ్చేది ఈ పేరాకే.

కారు అమ్మేసిన సంగతి సీతకు ముందే తెలిసిందా? ప్రశ్నలో లేదు. లేనిదాన్ని మీరు కల్పించకండి. ‘తెలియకపోతే ఆమె అంగీకారం చెల్లుతుంది, నమ్మదగిన మూడో మనిషి ద్వారా ముందే తెలిసి ఉంటే డికిన్సన్ వర్సెస్ డాడ్స్ (1876) ప్రకారం ఆఫర్ ఉపసంహరించినట్టే’ అని రెండు దారులూ రెండు వాక్యాల్లో చూపిస్తే చాలు.

ఇష్యూ (తేల్చాల్సిన ప్రశ్న), రూల్ (దానికి వర్తించే సూత్రం), అప్లికేషన్ (ఆ సూత్రాన్ని ఈ సంఘటనకు అన్వయించడం), కన్‌క్లూజన్ (ముగింపు) వరస మంచిదే. అయితే ప్రశ్న మొత్తానికి ఒకేసారి కాకుండా, ఒక్కో ఇష్యూకు విడివిడిగా వాడండి. కేసు కథంతా చెప్పక్కర్లేదు, అది నిలబెట్టిన సూత్రం ఒక్క వాక్యంలో చాలు. పేరు గుర్తురాకపోతే సూత్రం మాత్రం రాయండి, లేని పేరు పుట్టించొద్దు. ‘రవి చేసింది అన్యాయం’ లాంటి మాటలకు మార్కులు రావు. ముగింపులో ‘కోర్టే తేల్చాలి’ అని తప్పుకోకండి. ‘సీత గెలిచే అవకాశమే ఎక్కువ, ఎందుకంటే...’ అని ధైర్యంగా రాయండి.

టైమ్‌ను మార్కుల లెక్కన ముందే పంచుకోండి. మొదటి ప్రశ్న బాగా వచ్చిందన్న ఉత్సాహంలో చివరి ప్రశ్న టైమ్‌ను మింగేయకండి, దయచేసి. పరీక్షకు ముందు పాత పేపర్లతో గడియారం పెట్టుకుని రాసి చూడండి. రాశాక ప్రతి అప్లికేషన్ పేరాలో రవి, సీతల పేర్లు ఉన్నాయో లేదో వెతకండి. లేకపోతే అక్కడ మీరు రాసింది నోట్సే, దాన్ని మళ్లీ రాయండి.