నిమ్మగడ్డి నూనె ట్యాంకులో పోసే ముందు

మాకు కృష్ణ లంకలో 40 సెంట్ల చిక్కుడు, ఆ పక్కనే కాస్త వంగ ఉన్నాయి. చిక్కుడు కొసలకి పేనుబంక అనే రసం పీల్చే చిన్న పురుగు పట్టిందంటే వారం తిరక్కుండా తీగంతా జిగురు, జిగురు మీద నల్ల బూజు, వెనకే చీమల బారు. మూడు నాలుగు రోజులకోసారి కాయ కోసే పంట ఇది. పురుగుమందు కొట్టి వారం ఆగమంటే కాయ ముదిరిపోతుంది, ఆగకుండా కోస్తే తినేవాళ్ల సంగతేంటని టెన్షన్. అలా నూనెల దారి పట్టాను.

మొదటిసారి నా తెలివి చూడండి. వాసన ఘాటుగా ఉంటే పురుగు తొందరగా పోతుందనుకుని లీటరు నీటికి 15 మిల్లీలీటర్ల నిమ్మగడ్డి నూనె పోసి, పొద్దున్న పదకొండింటికి కొట్టాను. పేనుబంక పోయిన మాట నిజమే. మూడోరోజుకి లేతాకులు కూడా వేణ్నీళ్లు పోసినట్టు మాడిపోయాయి. ఇలాంటిదే మరో ఘాటు నూనె, లవంగ నూనెలో ఉండే యూజినాల్ అనే పదార్థాన్ని కొన్ని దేశాల్లో కలుపు మందుల్లోనే వాడతారని తర్వాత తెలిసింది. పురుగుని చంపేదానికి ఆకొక లెక్కా!

ముందు నూనె అసలుదో కాదో చూసుకోండి. పచ్చి నిమ్మగడ్డి వంద కిలోలు ఆవిరి పట్టినా అరకిలో నూనె రావడం కష్టం, అందుకే ధర ఎక్కువ, కల్తీ కూడా ఎక్కువ. తెల్లకాగితం మీద ఒక చుక్క వేసి రాత్రంతా వదిలేయండి. మంచి నిమ్మగడ్డి నూనె ఆరిపోతుంది. పొద్దున్నకి బజ్జీల పొట్లంలా జిడ్డు మరక మిగిలితే అందులో వంటనూనె లాంటిదేదో కలిసినట్టే. నేను చవకగా దొరికిందని తెచ్చిన సీసా అలాగే తేలింది. వేప నూనెకి మాత్రం ఈ పరీక్ష పెట్టకండి, అది గింజ పిండి తీసే నూనె, మరక మిగలాల్సిందే.

నా కొలత 16 లీటర్ల ట్యాంకుకి వేప నూనె 80 మిల్లీలీటర్లు, నిమ్మగడ్డి నూనె 30. నిమ్మగడ్డి దెబ్బ అప్పటికప్పుడు తగులుతుంది, కానీ ఒకటి రెండు రోజుల్లో ఎగిరిపోతుంది. వేప నెమ్మది, పురుగుని మేత మాన్పించి పెరగనివ్వదు. అందుకే రెండూ కలుపుతాను.

అసలు పనంతా కలపడంలోనే ఉంది. గుప్పెడు కుంకుడుకాయలు గింజ తీసి రాత్రి నానబెట్టి, పొద్దున్న పిసికి, గుడ్డలో వడగట్టండి. ఆ చిక్కటి రసంలో నూనెల్ని సన్నటి ధారగా పోస్తూ చీపురు పుల్లలతో చిలకండి. పలచటి మజ్జిగ రంగు వస్తుంది. నూనెని నేరుగా నీళ్లలో పోస్తే పైన తేలి, ట్యాంకు అడుగున ఉత్త నీళ్లు, ఆఖర్లో నూనెంతా ఒక్కసారిగా వస్తాయి. ఏ సాలు దగ్గర ట్యాంకు ఖాళీ అయిందో ఆ సాలు మాడిపోతుంది. అనుమానముంటే గాజు సీసాలో అర గ్లాసు నీళ్లకి చెంచాడు మిశ్రమం కలిపి పది నిమిషాలు ఆగండి. పైన నూనె చుక్కలు తేలుతూ కనిపిస్తే మళ్లీ చిలకాల్సిందే. కలిపింది ఆ సాయంత్రమే కొట్టేయాలి, రేపటికి దాచకూడదు.

సాయంత్రం ఐదు తర్వాత కొట్టండి. ఎండకి ఆకు మాడదు, వేపలో సత్తువ చెడదు, పూల మీద తేనెటీగలూ తక్కువగా ఉంటాయి. ఎప్పుడూ కొట్టని పంటైతే ముందు నాలుగు మొక్కల మీద కొట్టి రెండు రోజులు చూడండి. గంధకం చల్లి రెండు వారాలు కాకపోతే నూనె జోలికి వెళ్లకండి. నాజిల్‌ని కింద నుంచి పైకి తిప్పి ఆకు అడుగు తడపాలి, ఎందుకంటే పురుగు ఎక్కువగా ఉండేది అక్కడే. చేతులకి గ్లవ్స్, కళ్లకి అద్దాలు తప్పనిసరి. ఒకసారి గాలికి ఎదురు నిలబడి కొడితే గంటసేపు కళ్లు మండాయి. ఇంటికొస్తే మా ఆయన "నిమ్మకాయ బిస్కెట్ వాసనొస్తున్నావు" అని నవ్వు. సీసా పిల్లలకి అందకూడదు, అది మింగితే ప్రమాదం.

ఐదో రోజు మళ్లీ కొట్టాలి, మొదటిసారి తప్పించుకున్నవి అప్పటికి మళ్లీ పిల్లలు పెడతాయి. పేనుబంక, పచ్చదోమ, తెల్లదోమ లాంటి మెత్తటి పురుగులకి ఇది బాగానే పనిచేస్తుంది. వంకాయలో దూరిన కాయతొలుచు పురుగు మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. లోపలున్నదానికి మందు తగలదు. ఆ కాయలు, వాడిన కొమ్మలు తుంచి పొలం బయట కాల్చేస్తాం.

కొట్టే ముందు తీగ తిప్పి ఒకసారి చూడండి. పేనుబంక మధ్యలో నల్లగా, నారింజ మచ్చలతో చిన్న మొసలి పిల్లలా పాకేవి కనిపిస్తే అవి అక్షింతల పురుగు పిల్లలు, పేనుబంకని తినేవి. మా అత్తయ్య ఒక పూటంతా కూర్చుని వాటిని ఏరి చంపింది, పాపం, మాకు మేలు చేస్తున్నాననుకుని. ఇప్పుడు అవి ఉన్న తీగకి నేను గుడ్డపేలిక కట్టి వదిలేస్తాను, ట్యాంకు ఆ పక్కకి తీసుకెళ్లను.