పడవ ఇంజను పదే పదే ఆగుతుంటే ముందు ట్యాంకు మూత చూడండి

టెక్సాస్‌లోని లేక్ ఫోర్క్ దాదాపు 27,000 ఎకరాల జలాశయం. బాస్ చేపకు పేరుపడ్డ చోటు. రాష్ట్ర రికార్డు లార్జ్‌మౌత్ (పెద్ద నోటి బాస్), 18.18 పౌండ్లది, 1992లో ఇక్కడే పడింది. మొన్న శనివారం తెల్లవారకముందే మిత్రుడి చిన్న అల్యూమినియం పడవలో బయలుదేరాం. పది నిమిషాలు చక్కగా నడిచిన ఇంజను నడినీళ్లలో ఆగిపోయింది. తాడు లాగితే అంటుకుంటుంది, కాసేపటికి మళ్లీ ఆగుతుంది. నీళ్లలో నిలబడ్డ మోడుల వైపు గాలి పడవను నెట్టేస్తోంది. నిజంగా భయం వేసింది.

ఇంజను స్పార్క్ ప్లగ్గు విప్పి తుడిచాను, లాభం లేదు. అప్పుడు పెట్రోలు గొట్టం మీద చెయ్యి పడింది. మధ్యలోని రబ్బరు బల్బు గుండ్రంగా ఉండాలి; అదేమో పిండేసిన నిమ్మచెక్కలా అణిగిపోయి ఉంది. అంటే ట్యాంకులోకి గాలి వెళ్లడం లేదు! మూత మీది చిన్న గాలి మరను ట్రక్కులో తెచ్చేటప్పుడు బిగించాం, విప్పడం మరిచాం. అర చుట్టు తిప్పగానే బుస్సుమంది, బల్బు కళ్లముందే ఉబ్బింది. అది గట్టిపడేదాకా నొక్కి తాడు లాగాను. సాయంత్రం దాకా ఇంజను ఆగలేదు.

మోడుల పక్కన ఎరగా ప్లాస్టిక్ వానపాము వేస్తే 18 అంగుళాల బాస్ పడింది. అక్కడ 16 నుంచి 24 అంగుళాల మధ్యవి ఉంచుకోకూడదు. చేతులు తడిపి పట్టుకుని, మెల్లగా వదిలాను.