ఆగిపోయిన రాతను మళ్లీ అందుకోవడం ఎలా

రాయడం మానేసి ఏళ్లు గడిచాక మళ్లీ మొదలుపెట్టాలనుకునేవారు సాధారణంగా ముందు ఒక కొత్త నోటుపుస్తకం కొంటారు. ఆ పని చేయవద్దు. అటక మీదో, బీరువా అడుగునో ఉన్న పాత పుస్తకాన్నే దింపి, చేతిలో పెన్ను లేకుండా మొదటి నుంచి చివరిదాకా ఒకసారి చదవండి. పెన్ను ఉంటే దిద్దడం మొదలవుతుంది, దిద్దుతున్నకొద్దీ సిగ్గు పెరుగుతుంది, ఆ సిగ్గుతో పుస్తకం తిరిగి అటకెక్కుతుంది. రెండోసారి చదివేటప్పుడు మాత్రం ఇంకా బతికున్నాయనిపించిన వాక్యాల పక్కన పెన్సిలుతో చిన్న గీత పెట్టుకోండి.

మధ్యలో ఆగిపోయామన్న బెంగ అక్కరలేదు. విజయనగరంలో గురజాడ అప్పారావు 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’ను అంతటితో వదిలేయక, 1909 నాటికి దాదాపు కొత్త నాటకమన్నంతగా తిరగరాశారు, ఇవాళ మనం చదువుకునేది ఆ రెండో కూర్పునే. కాళీపట్నం రామారావు మాస్టారు ఉపాధ్యాయ వృత్తిలో ఉంటూ కొన్నేళ్లపాటు కథలు రాయడం ఆపి, తిరిగి వచ్చాకే తమకు పేరు తెచ్చిన కథలు రాశారు. ఆయన 1997లో శ్రీకాకుళంలో నెలకొల్పిన కథల గ్రంథాలయం ‘కథానిలయా’నికి వెళ్లగలిగినవారు, తమకు ఇష్టమైన రచయితల తొలినాటి కథలను వెతికి చదివితే మంచిది. చేయి తిరగకముందు వాళ్లు రాసిన పద్ధతి చూస్తే మన పాత రాతల మీద మనకున్న కోపం కొంత తగ్గుతుంది.

తిరిగి మొదలుపెట్టడానికి మీ దగ్గరున్న అసంపూర్ణమైన వాటిలో అన్నిటికంటే చిన్నదాన్ని ఎంచుకోండి. సగంలో ఆగిన నవలను ముట్టుకోవద్దు. ఎంచుకున్నదాని చివరి పేరాను కొత్త కాగితం మీద చేత్తో ఎత్తి రాస్తూ వెళితే, ఆ పేరా ముగిసేసరికి తరువాతి వాక్యం చాలాసార్లు దానంతటదే వస్తుంది. రాకపోతే కళ్లతో చూసిన ఒక్క పనిని రాయండి. పలాస జీడిపప్పు కార్మికుల గురించి రాయదలచుకున్నారనుకుందాం: ‘వారు చాలా కష్టపడుతున్నారు’ అన్న వాక్యం ఏ ఊరికైనా సరిపోతుంది గనుక ఏ ఊరిదీ కాకుండా పోతుంది. పిక్క పగలగొట్టేటప్పుడు పెంకులోని జీడి రసం అంటితే తోలు నల్లబడి పొక్కుతుందనీ, అవే వేళ్లు గుండును (విరగని పప్పును), బద్దను వేరు చేయాలనీ, సాయంత్రం అదే చేత్తో అన్నం కలుపుకోవాలనీ రాస్తే, కష్టమన్న మాట వాడవలసిన అవసరమే ఉండదు.

ఇక లక్ష్యం సంగతి. ‘ఈ ఏడాది పది కథలు అచ్చు కావాలి’ అనుకుంటే అది సంపాదకుల చేతిలో ఉన్న విషయం. ‘రోజూ ఇరవై నిమిషాలు కూర్చుంటాను’ అన్నది మన చేతిలోనిది. ఆ ఇరవై నిమిషాలను గడియారానికి కాక, ఎలాగూ తప్పని ఒక పనికి ముడిపెట్టండి: పొద్దుటి కాఫీ అయిన వెంటనే, పిల్లలు బడికి వెళ్లగానే, లేదా ఆఫీసుకు వెళ్లే పాసింజరు రైల్లో సీటు దొరకగానే. ఫోను ఇంట్లోనైతే మరో గదిలో, రైల్లోనైతే సంచి అడుగున ఉండాలి, ఇందులో రాజీ లేదు.

ఎంత కట్టుదిట్టం చేసుకున్నా అడ్డంకులు వస్తాయి. వరి ఊడ్పుల రోజులు, సంక్రాంతి, విజయనగరం పైడితల్లి సిరిమానోత్సవానికి ఇంటినిండా దిగే బంధువులు ముందే తెలిసినవి కాబట్టి, ఆ రోజులకు ఒక్క వాక్యం చాలని ముందుగానే నిర్ణయించుకోండి. తుపాను చెప్పి రాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతాన్ని కుదిపేసినప్పుడు కరెంటు లేని రోజుల్లో కథలు రాసే తీరిక ఎవరికుంటుంది? అటువంటప్పుడు తేదీ వేసి, ఎన్ని కొబ్బరిచెట్లు పడ్డాయో, మంచినీళ్లు ఎక్కడి నుంచి తెచ్చుకున్నారో ఒక వరుసలో రాసిపెట్టుకుంటే, తరువాత కథకు కావలసిన సరుకు అదే అవుతుంది. తప్పిపోయిన రోజులను మాత్రం బాకీగా లెక్కగట్టవద్దు. నాలుగు రోజుల పేజీలు ఐదో రోజున తీర్చాలనుకున్నవారు ఆరో రోజున కనబడరు.

ఈ ప్రయత్నాన్ని ఊరంతా చెప్పుకోవలసిన పని లేదు, నిక్కచ్చిగా మాట్లాడే ఒక్క స్నేహితుడికో, వదినకో చెబితే చాలు. మొదటి రచన పూర్తయ్యాక పదిహేను రోజులు పక్కన పెట్టి, తరువాత పైకి చదివి, నాలుక తడబడిన చోటల్లా సరిచేసి, ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకుని పత్రికకు పంపండి. జవాబు కోసం ఎదురుచూడకుండా, పంపిన రోజునే రెండోదాని చివరి పేరా ఎత్తి రాయడం మొదలుపెట్టండి.