గుడ్డు పొడుచుకు తినే పెట్టను ఎలా మాన్పించాను

ఒకరోజు కోళ్ల గూట్లో చెయ్యి పెడితే తడిసిన గడ్డి, వేళ్లకు పచ్చసొన. పిల్లి పని అనుకున్నాను. మర్నాడు కాపు కాస్తే, గుడ్డు పొడిచి తాగుతున్నది మా నల్లపెట్టే. కోసేయమన్నారు ఇంట్లోవాళ్లు. నాకు మనసొప్పలేదు.

మిగిలిన పెంకు ముక్క తీసి చూశాను. కాగితమంత పలచన! అప్పుడు అర్థమైంది. కోడిపిల్లలప్పటి దాణానే ఇంకా వేస్తున్నాను. అందులో కాల్షియం దాదాపు 1 శాతమే. గుడ్లు పెట్టే కోడికి 3.5 నుంచి 4 శాతం కావాలి. ఒక్క పెంకు కట్టడానికే సుమారు 20 గంటలు పడుతుంది, పాపం అది మాత్రం ఎక్కడి నుంచి తెస్తుంది?

గుడ్లు పెట్టే కోళ్లకు వేసే లేయర్ దాణాకి మార్చాను. ఆల్చిప్పల పలుకులు విడిగా ఒక గిన్నెలో పెట్టాను. దాణాలో మాత్రం కలపకండి, పెట్టలు తమకు కావలసినంతే తింటాయి. ఎదిగే కోడిపిల్లలకు కాల్షియం ఎక్కువైతే మూత్రపిండాలు దెబ్బతింటాయి.

గుడ్డు కంటబడకుండా గూటి ముందు గోనెపట్టా వేలాడదీసి లోపల చీకటి చేశాను. గడ్డి మందంగా పరిచాను. రోజుకు మూడుసార్లు గుడ్లు తీశాను, ఆ టెన్షన్‌లో మధ్యాహ్నం నిద్ర కూడా మానేశాను. మూడు వారాలకు నల్లపెట్ట గుడ్డు పెట్టి, దాన్ని ముట్టకుండా బయటికొచ్చింది. పెంకు గట్టిగా ఉంది.