చిన్న విమానాలతో బ్రెయిన్ ట్యూమర్ పరిశోధనకు విరాళాలు: ఒక్క పొద్దుటి కార్యక్రమం ఎలా చేయాలి

మా బావగారికి తలలో ట్యూమర్ తీసి ఎనిమిదేళ్లయింది. ఆలిగోడెండ్రోగ్లియోమా, గ్రేడ్ 2, అంటే నెమ్మదిగా పెరిగే రకం మెదడు ట్యూమర్. నాకు ప్రైవేట్ పైలట్ లైసెన్స్ ఉంది. ఈ రెండూ కలిసొచ్చి, టెక్సాస్‌లో మా ఇంటికి దగ్గర్లో ఉన్న చిన్న ఎయిర్‌పోర్టులో ఇప్పటికి మూడుసార్లు విరాళాల కార్యక్రమం చేశాం. పైలట్లు సొంత విమానాల్లో జనాన్ని ఓ ఇరవై నిమిషాలు తిప్పి తీసుకొస్తారు, కింద టెంట్‌లో ట్యూమర్ నుంచి బయటపడినవాళ్లు కూర్చుని వచ్చినవాళ్లతో మాట్లాడతారు, వసూలైన డబ్బంతా పరిశోధనకు వెళ్తుంది. మొదటిసారి చాలా తప్పులు చేశాం. అమెరికాలో ఉన్న మనవాళ్లు ఎవరైనా ఇలాంటిది పెట్టుకుంటే ఆ తప్పులు మళ్లీ జరగకూడదని ఇది రాస్తున్నా.

అన్నిటికంటే ముందు డబ్బు ఎవరికి వెళ్లాలో తేల్చుకోండి. 1973 నుంచి ఉన్న అమెరికన్ బ్రెయిన్ ట్యూమర్ అసోసియేషన్ కావచ్చు, నేషనల్ బ్రెయిన్ ట్యూమర్ సొసైటీ కావచ్చు, మీవాళ్లకి వైద్యం చేసిన యూనివర్సిటీ ఆసుపత్రి ల్యాబ్ కావచ్చు. వాళ్లకి ముందే రాసి, మీ కార్యక్రమానికి వాళ్ల పేరు వాడుకోవచ్చనీ, వచ్చిన డబ్బు పరిశోధనకే వాడతామనీ ఉత్తరం తీసుకోండి. డబ్బు మీ అకౌంట్‌లోకి రానివ్వకండి. ఎంత నమ్మకస్తులైనా సరే, విరాళం నేరుగా ఆ సంస్థ పేజీలోనే పడాలి, క్యూఆర్ కోడ్ ప్రింట్ తీసి టేబుల్ మీద అంటిస్తే చాలు. దీనివల్ల ఇంకో లాభం ఉంది. మనవాళ్లలో చాలామంది పనిచేసే కంపెనీలు ఉద్యోగి ఎంత ఇస్తే అంత కలిపి ఇస్తాయి, దానికి సంస్థ ఇచ్చిన రసీదు కావాలి.

"ఇన్నేళ్లుగా ఇస్తున్నారు కదా, ఏమొచ్చింది?" అని ఎవరో ఒకరు అడుగుతారు. అడగాలి కూడా. నేను బావగారి ట్యూమర్ సంగతే చెప్తాను. అలాంటి ట్యూమర్లలో ఐడీహెచ్ అనే జన్యువులో మార్పు ఉంటుంది. మెదడు ట్యూమర్లలో ఆ మార్పుని 2008లో గుర్తించారు, దానిమీద పనిచేసే వొరాసిడెనిబ్ మాత్రకి ఎఫ్‌డీఏ (అమెరికాలో మందులకి అనుమతిచ్చే ప్రభుత్వ సంస్థ) అనుమతి 2024 ఆగస్టులో వచ్చింది. మధ్యలో 16 ఏళ్లు ల్యాబుల్లో, ట్రయల్స్‌లో గడిచాయి. గ్లియోబ్లాస్టోమా అనే బాగా ప్రమాదకరమైన మెదడు క్యాన్సర్‌కైతే ఇంకా అంత మంచి కబురు లేదు. రేడియేషన్‌తో పాటు టెమొజోలొమైడ్ అనే కీమో మందు ఇస్తే రోగులు బతికే మధ్యస్థ కాలం 12.1 నెలల నుంచి 14.6 నెలలకి పెరిగిందని 2005లో తేలింది, ఇప్పటికీ వైద్యం ప్రధానంగా అదే. నేవీ పైలట్‌గా పనిచేసిన సెనేటర్ జాన్ మెకెయిన్ 2018లో పోయింది ఈ జబ్బుతోనే. ఎయిర్‌పోర్టులో పెద్దవయసు పైలట్లని సాయం అడిగేటప్పుడు ఈ మాట చెప్తే ఇంక వేరే వివరం అక్కర్లేదు.

ఇక రూల్స్. డబ్బు తీసుకుని జనాన్ని ఎక్కించడం మామూలుగా ప్రైవేట్ పైలట్‌కి కుదరదు. చారిటీ కోసమైతే ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) నిబంధన 91.146 దారి ఇస్తుంది, కానీ షరతులు గట్టిగా ఉంటాయి. ప్రైవేట్ పైలట్‌కి కనీసం 500 గంటల అనుభవం ఉండాలి. పగటిపూట, వాతావరణం బాగున్నప్పుడే ఎగరాలి. ఎక్కడ లేస్తే అక్కడే దిగాలి, మధ్యలో ఆగకూడదు, ఎయిర్‌పోర్టు నుంచి 25 మైళ్లు దాటకూడదు, విన్యాసాలు చేయకూడదు. ఒక పైలట్ ఏడాదిలో నాలుగు కార్యక్రమాలకి మించి ఎగరకూడదు. కనీసం ఏడు రోజుల ముందు మీ ప్రాంతపు ఎఫ్‌ఏఏ ఆఫీసుకి సంస్థ ఉత్తరం, పైలట్ల లైసెన్స్, మెడికల్ సర్టిఫికెట్, ఎగిరిన గంటలు రాసుకునే లాగ్‌బుక్ కాపీలు పంపాలి. మీరు మాత్రం నెల ముందే పంపండి. మొదటి ఏడాది నాకు 310 గంటలే ఉన్నాయి కాబట్టి నేను ఎగరలేదు, కాటా దగ్గర నిలబడ్డాను. ఇన్సూరెన్స్ మర్చిపోవద్దు, ప్రతి పైలట్ తన పాలసీ చారిటీ ఫ్లైట్‌కి వర్తిస్తుందని కంపెనీ నుంచి రాతలో తెచ్చుకోవాలి. ఫోన్‌లో "పర్లేదండీ" అంటే కుదరదు.

కాటా అన్నాను కదా, అది చాలా ముఖ్యం. మా దగ్గరున్న సెస్నా 172ఎస్ అనే నాలుగు సీట్ల విమానం మనుషులూ గ్యాసూ (అంటే ఇంధనం) కలిపి దాదాపు 870 పౌన్లు మోస్తుంది. ట్యాంకులు నింపితే గ్యాసే 318 పౌన్లు, అంటే పైలట్‌తో కలిపి ముగ్గురు పెద్దవాళ్లు ఎక్కితే అయిపోయింది. నలుగురు ఎక్కాలంటే గ్యాస్ తగ్గించాలి. టెక్సాస్ ఎండలో మధ్యాహ్నమయ్యేసరికి విమానం ఇంకా బద్ధకంగా లేస్తుంది. అందుకని బరువు అడిగి రాసుకోకండి, తూయండి. కాటా అంకెలు పక్కవాళ్లకి కనపడకుండా చిన్న తెర కట్టండి. తూగడానికి మొహమాటపడే అత్తయ్యలకి నేను చెప్పేది ఏంటంటే, ఇక్కడి మహిళా పైలట్ల సంస్థ నైంటీ నైన్స్ వాళ్లు చారిటీ రైడ్‌కి పౌనుకి ఒక సెంటు చొప్పున తీసుకునేవారు, అప్పట్లో అందరూ నవ్వుకుంటూ కాటా ఎక్కేవారు. అది వినగానే చెప్పులు విప్పేస్తారు.

ట్యూమర్ నుంచి బయటపడినవాళ్ల విషయంలో తొందర పనికిరాదు. విమానం ఎక్కుతామంటే ముందుగా వాళ్ల న్యూరో డాక్టర్ రాసిచ్చిన అనుమతి చూడండి. ఈమధ్యే తల ఆపరేషన్ అయితే లోపల గాలి మిగిలి ఉండొచ్చు, పైకి వెళ్లేకొద్దీ అది వ్యాకోచిస్తుంది. ఫిట్స్ వచ్చే అవకాశం ఉన్నవాళ్లని ముందు సీట్లో కూర్చోబెట్టవద్దు, అక్కడ రెండో స్టీరింగ్, పెడల్స్ కాళ్ల దగ్గరే ఉంటాయి. నిద్ర చాలకపోతే ఫిట్స్ రావచ్చు, అందుకని వాళ్లని తెల్లవారుజామున రమ్మనకండి, తొమ్మిదింటికి రమ్మనండి. మందుల టైమ్ అడిగి రాసుకోండి. ఎక్కని వాళ్లకి నీడ, కుర్చీ, నిశ్శబ్దంగా ఉండే ఒక గది సిద్ధంగా ఉంచండి, ఇంజిన్ల మోత అందరికీ పడదు.

మొదటిసారి బావగారు వెనక సీట్లో కూర్చున్నప్పుడు బెల్టు పెట్టుకోలేకపోయారు, ఆపరేషన్ తర్వాత కుడిచెయ్యి సరిగా రాదు. వాలంటీర్ కుర్రాడు చటుక్కున చెయ్యి పెట్టబోతే అక్కయ్య తలుపు దగ్గర్నుంచే "ఉండు నాయనా" అంది. ఆయన ఎడమచేత్తో పట్టీ లాగి, బకిల్‌ని మోకాలికి ఆనించి, రెండోసారికి టక్‌మనిపించారు. నిమిషంపైనే పట్టింది. పైలట్ ఇంజిన్ స్టార్ట్ చేయకుండా కూర్చున్నాడు. అప్పట్నుంచి షెడ్యూల్‌లో ప్రతి ట్రిప్పుకీ పది నిమిషాలు ఎక్కువ పెడుతున్నాం. మాట్లాడేటప్పుడూ అంతే. వాళ్లు మాట కోసం వెతుక్కుంటుంటే మీరు అందించకండి. మైక్ ఇచ్చి స్పీచ్ ఇమ్మనకుండా, పక్కన ఒకరు కూర్చుని ఇంట్లో మాట్లాడినట్టు రెండు ప్రశ్నలు అడిగితే చాలు. ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో వాళ్లిష్టం.

డబ్బు లెక్క కూడా వినండి. మూడు విమానాలు, నాలుగు గంటలు, మనిషికి 50 డాలర్లు అనుకుంటే 2,500 డాలర్ల దాకా వస్తుంది. అసలు వసూలు టెంట్‌లోనే జరుగుతుంది, రైడ్ కోసం వచ్చి వంతు కోసం కూర్చున్నవాళ్లు ఆ అరగంట మాటలు విన్నాక ఇచ్చేది టికెట్టు డబ్బుకంటే చాలా ఎక్కువ. కాబట్టి టెంట్‌ని హ్యాంగర్ వెనకాల కాకుండా క్యూ పక్కనే వేయండి. రసీదుల సంగతి సంస్థతో ముందే మాట్లాడుకోండి. 250 డాలర్లు, ఆపైన ఇచ్చినవాళ్లకి రాతపూర్వక రసీదు ఉంటేనే ట్యాక్స్ మినహాయింపు. రైడ్ కోసం కట్టిన డబ్బులో రైడ్ విలువ తీసేయగా మిగిలిందే విరాళం, 75 డాలర్లు దాటితే ఆ విలువ ఎంతో సంస్థ కాగితం మీద చెప్పాలి. ఇడ్లీ, ఉప్మా మేం ఉచితంగానే పెడతాం, అమ్మాలంటే చాలా కౌంటీల్లో పర్మిట్ అడుగుతారు.

ఇంజిన్ పూర్తిగా ఆగాకే ఎక్కించాలి, దించాలి. తిరిగే ప్రొపెల్లర్ కంటికి కనపడదు. ప్రతి బృందాన్నీ ఒక వాలంటీర్ దగ్గరుండి నడిపించాలి, పిల్లల చెయ్యి వదలకూడదు. గాలి పెరిగినా, మబ్బు కిందికి దిగినా పైలట్ వద్దంటే వద్దే, టికెట్ కొన్నవాళ్లు ఎంత అడిగినా సరే. అందుకే టికెట్ మీదే "వాతావరణం బాగాలేకపోతే డబ్బు వాపసు" అని రాయించండి.

హైదరాబాద్‌లో ఇలా చేయొచ్చా అని చాలామంది అడిగారు. ఇండియాలో ప్రైవేట్ పైలట్ లైసెన్స్‌తో డబ్బు తీసుకుని ఎవరినీ ఎక్కించకూడదు. అక్కడ జూన్ 8న, ప్రపంచ బ్రెయిన్ ట్యూమర్ దినం నాడు, నడకో పరుగో పెట్టుకోండి. అమెరికాలో మే నెల అవగాహన నెల, గుర్తు బూడిదరంగు రిబ్బన్. మేం మే మొదటి శనివారాలే చూసుకుంటాం, ఎండ ఇంకా ముదరదు.

వారంలోగా పైలట్లకి ఫోన్ చేసి ఎంత వచ్చిందో చెప్పండి. వచ్చే ఏడాది తేదీ మాత్రం అప్పుడే వేయకండి. ముందు ట్యూమర్ నుంచి బయటపడినవాళ్లని వాళ్ల తర్వాతి ఎంఆర్‌ఐ ఎప్పుడో అడగండి. స్కాన్ వారంలో ఇంట్లో ఎవరికీ అన్నం సహించదు, ఆ టెన్షన్‌లో ఉన్నవాళ్లని టెంట్‌లో కూర్చోమని అడగకూడదు. మా కార్యక్రమం ఒకసారి రెండు వారాలు వెనక్కి జరిగింది బావగారి స్కాన్ కోసమే.