నిధులు రావడం లేదా? ముందు తూము చూడండి: చిన్న ప్రభుత్వ డిగ్రీ కళాశాలల సమస్యలు - పరిష్కారాలు

శివారు పొలానికి నీరు అందకపోతే డెల్టా రైతు గోదావరి ఎండిపోయిందని అనుకోడు. పార భుజాన వేసుకుని కాలువ గట్టు వెంట పైకి నడుస్తాడు. ఎక్కడో గుర్రపుడెక్క అడ్డం పడి ఉంటుంది, లేదా తూము తలుపు దించి ఉంటుంది.

కోనసీమలోనూ పశ్చిమ డెల్టాలోనూ చిన్న ప్రభుత్వ డిగ్రీ కళాశాలల ఆఫీసుల్లో గుమస్తాగా చేరి సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేశాను. "నిధులు లేవు" అన్న మాట విన్నప్పుడల్లా నేను చేసిన పని కూడా గట్టు వెంట పైకి నడవడమే. నిజంగా డబ్బు లేని సందర్భాలున్నాయి, వాటి గురించీ చెబుతాను. కానీ చాలాసార్లు డబ్బు ఒక సంతకం దగ్గరో, ఒక పాత కాగితం దగ్గరో ఆగి ఉండేది. కొత్తగా బాధ్యత తీసుకున్న ప్రిన్సిపాళ్ల కోసం, వారికి తోడుగా ఉండే ఆఫీసు సిబ్బంది కోసం ఇది రాస్తున్నాను.

సమస్య: ప్రిన్సిపాల్ కుర్చీ ఖాళీగా లేదు, జీతాలు మాత్రం ఆగాయి

ఒకటో తేదీ వెళ్లిపోయింది. కరెంటు బిల్లు గడువు కూడా దాటింది. కళాశాల విద్యా కమిషనరేట్‌కు ఫోను చేస్తే బడ్జెట్ ఉందంటారు. ట్రెజరీకి వెళ్తే మీ బిల్లే రాలేదంటారు. ఇద్దరూ చెప్పేది నిజమే.

కారణం ఇది. పాత ప్రిన్సిపాల్ నెలాఖరున పదవీ విరమణ చేస్తూ సీనియర్ అధ్యాపకుడికి ఇన్‌చార్జి ఇచ్చి వెళ్లారు. ఇన్‌చార్జి అంటే రోజువారీ పనులు చూడటం వరకే. ఖజానా నుంచి డబ్బు తీసే డీడీవో అధికారం రావాలంటే పూర్తి అదనపు బాధ్యతలు అప్పగిస్తూ పై అధికారి ఉత్తర్వు ఇవ్వాలి. ఆఫీసుల్లో దీన్నే ఎఫ్‌ఏసీ అంటాం. 2018లో ప్రభుత్వ బిల్లులు, చెల్లింపులు ఆన్‌లైన్‌లో నడిపే సీఎఫ్‌ఎంఎస్ వచ్చాక ఈ ముడి ఇంకా బిగిసింది. బిల్లు తయారు చేసేవారు, సరిచూసేవారు, సమర్పించేవారు అని మూడు మెట్లున్నాయి. మూడో మెట్టు మీద ఇంకా పాత ప్రిన్సిపాల్ పేరే ఉంటే, మిగతా అందరూ ఎంత పరుగెత్తినా బిల్లు కదలదు.

పరిష్కారం కుర్చీ ఖాళీ కాకముందే మొదలు కావాలి. ప్రిన్సిపాల్ ఏ నెలాఖరున దిగిపోతారో సర్వీసు రిజిస్టరులో పుట్టిన తేదీ చూస్తే తెలుస్తుంది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఉద్యోగుల పదవీ విరమణ వయసు 2022లో 62కు మారింది కాబట్టి లెక్క వేయడం ఎవరికీ కష్టం కాదు. మూడు నెలల ముందే ఆర్జేడీ (ప్రాంతీయ సంయుక్త సంచాలకుల) కార్యాలయం ద్వారా ప్రతిపాదన పంపండి. ఉత్తర్వు చేతికి రాగానే అందులో డ్రాయింగ్ అధికారం గురించి స్పష్టంగా రాసి ఉందో లేదో చదవండి. లేకపోతే ఆ రోజే సవరణ అడగండి. ఆ వారంలోనే ట్రెజరీలో నమూనా సంతకం, సీఎఫ్‌ఎంఎస్‌లో పేరు మార్పు, బ్యాంకుల్లో సంతకాల మార్పు పూర్తి చేయాలి.

వీటికంటే ముఖ్యమైనది బాధ్యతలు అప్పగించేటప్పుడు రాసే చార్జి జాబితా. నేను చూసిన వాటిలో "బీరువాలు 6, తాళాలు 14, గోడ గడియారం 1" అని రాసి ఇద్దరూ సంతకాలు పెట్టినవే ఎక్కువ. బీరువా ఎక్కడికీ పోదు. కళాశాల పేరున ఎన్ని బ్యాంకు ఖాతాలున్నాయి, ఒక్కొక్క దానిలో ఎంత ఉంది, ఏ గ్రాంటుకు వినియోగ ధృవపత్రం ఇంకా ఇవ్వలేదు, ఏ ఆడిట్ అభ్యంతరానికి జవాబు బాకీ, ఏ దాత ఏమి ఇస్తానన్నారు, కోర్టులో ఏ కేసు నడుస్తోంది: ఇవి రాయాలి. రెండేళ్లలో ముగ్గురు ప్రిన్సిపాళ్లు మారిన ఒక కళాశాలలో నేను పని చేశాను. ప్రతి మార్పుతోనూ కొంత జ్ఞాపకం గేటు దాటి వెళ్లిపోయింది. ఆ కళాశాలను దెబ్బతీసింది పేదరికం కంటే ఆ మతిమరుపే అని ఇప్పటికీ నమ్ముతాను.

సమస్య: మరమ్మతుకు డబ్బు వచ్చింది, మార్చి 31న వెనక్కి పోయింది

మన నేలలో పనులకు ఒక కాలం ఉంది. జూన్ నుంచి వానలు, ఆ తర్వాత అక్టోబరు, నవంబరు తుపానుల భయం. రేగడి బంకమట్టి తడిసి ఉబ్బుతుంది, ఎండి పగులుతుంది, గోడలు నెర్రెలిస్తాయి. కట్టుబడి పని హాయిగా సాగేది జనవరి నుంచి మే వరకు. మంజూరు ఉత్తర్వు తరచుగా ఆర్థిక సంవత్సరం చివర్లో వస్తుంది. అప్పుడు ఇంజినీరుకు లేఖ రాసి, అంచనా వేయించి, టెండరు పిలిచేసరికి మార్చి అయిపోతుంది. ఖర్చు కాని బడ్జెట్ మురిగిపోతుంది.

కాబట్టి మంజూరు కోసం ఎదురు చూడకుండా అంచనా ముందే సిద్ధం చేసి ఉంచండి. వానాకాలంలో కప్పు ఎక్కడ కారుతోందో ఆ రోజే ఫోటో తీయండి, ఎండాకాలంలో ఆ చోటు ఎవరికీ గుర్తుండదు. సెప్టెంబరులోగా ఇంజినీరింగ్ శాఖ చేత అంచనా వేయించి, ఒక్కొక్క పనికి ఒక్కొక్క ఫైలు కట్టండి. పెద్ద పనిని, చిన్న పనిని కలిపి ఒకే అంచనా వేయించవద్దు. తక్కువ డబ్బు వస్తే రెండూ ఆగిపోతాయి.

సమస్య: పక్క కళాశాలకు కేంద్ర నిధులు వచ్చాయి, మనకు రాలేదు

ముందు పలుకుబడి అనుమానం వస్తుంది. అది పక్కన పెట్టి మూడు కాగితాలు వెతకండి.

మొదటిది, యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) చట్టం, 1956లోని 2(ఎఫ్), 12(బి) సెక్షన్ల కింద, కేంద్ర గ్రాంటుకు అర్హత ఇచ్చే గుర్తింపు పత్రం. రెండోది, విశ్వవిద్యాలయ అనుబంధ పత్రం. మన గోదావరి జిల్లాల కళాశాలలకు అనుబంధం ఇచ్చే ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం 2006లో వచ్చింది. అంతకు ముందు పుట్టిన కళాశాలల పాత కాగితాలు ఆంధ్ర విశ్వవిద్యాలయం పేరున ఉంటాయి, వాటిని పనికిరానివని కట్టగట్టి మూల పడేస్తారు. అలా చేయకండి. మూడోది, కళాశాల నాణ్యతను అంచనా వేసే జాతీయ మండలి నాక్ ఇచ్చే గుర్తింపు. దాని గడువు ఎప్పుడు ముగుస్తుందో ప్రిన్సిపాల్ గది గోడ మీద కనిపించేలా రాసి పెట్టండి. 2013లో మొదలైన రూసా అనే కేంద్ర ఉన్నత విద్యా పథకం కింద చిన్న కళాశాలలకు కూడా 2 కోట్ల రూపాయల మౌలిక వసతుల గ్రాంటు వచ్చే దారి తెరుచుకుంది. కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం. 2023లో అది పీఎం ఉషగా మారింది. ఇలాంటి పథకానికి పిలుపు వచ్చాక కాగితాలు వెతకడం మొదలుపెడితే గడువు ఆగదు.

కాగితాలన్నీ ఉన్నా ఆగిందంటే, పాత గ్రాంటు లెక్క తేలలేదని అర్థం. ఒకచోట మా కొత్త ప్రతిపాదన ఇలాగే నిలిచిపోయింది. ఆరా తీస్తే, ఏళ్ల కిందట ప్రయోగశాలకు వచ్చిన గ్రాంటుకు వినియోగ ధృవపత్రం వెళ్లలేదు. సామాను ఉంది, విద్యార్థులు వాడుతున్నారు, బిల్లులు మాత్రం లేవు. గాలిలో ఉప్పు, వానాకాలపు చెమ్మ కలిసి మా రికార్డు గదిలో కాగితాన్ని అట్టముక్కలా చేసేశాయి. మూడు వారాలు వెతికి, సరఫరాదారు దగ్గర నకళ్లు తీసుకుని, స్టాకు రిజిస్టరుతో సరిపోల్చి, మిగిలిన కొద్ది మొత్తాన్ని వడ్డీతో సహా తిరిగి కట్టాం. ప్రతిపాదన కదిలింది. ఆ తర్వాత నేను పని చేసిన ప్రతి చోటా గ్రాంటు ఫైళ్లను నేల నుంచి రెండు అడుగుల ఎత్తులో పెట్టించాను, ప్రతి కాగితం స్కాన్ చేయించి రెండు చోట్ల దాచాను.

ఇంకొక చిక్కు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాయి. అమలాపురం జిల్లా కేంద్రం అయింది. పాత ఉత్తరాలు, ఆస్తి పత్రాల నకళ్లు పాత జిల్లా కేంద్రమైన కాకినాడ ఆఫీసుల్లో ఉండిపోయి ఉండవచ్చు. అమలాపురంలో దొరకలేదని ఆగిపోకండి.

సమస్య: స్పెషల్ ఫీజు ఖాతాలో డబ్బుంది, ప్రయోగశాలలో యాసిడ్ సీసా లేదు

ఇది భయం వల్ల వచ్చే జబ్బు. "ఆడిట్‌లో పట్టుకుంటారు" అని ఇన్‌చార్జి ప్రిన్సిపాల్ చెక్కు రాయరు. మందు తేలిక. సిబ్బంది కమిటీ తీర్మానం, ఆ పద్దు నుంచి ఆ అవసరానికే ఖర్చు, కొటేషన్లు, స్టాకు రిజిస్టరులో నమోదు. ఈ నాలుగూ ఉంటే ఆడిటర్ ముందు ధైర్యంగా కూర్చోవచ్చు. పిల్లల దగ్గర ప్రయోగశాల పేరుతో ఫీజు తీసుకుని ప్రయోగం చేయించకపోవడం అన్యాయం. ఆ మాట ఏ ఆడిట్ నివేదికలోనూ రాయరు, మనమే రాసుకోవాలి.

సమస్య: దాతలు గది కట్టిస్తామంటారు, మరుగుదొడ్డికి ఎవరూ ముందుకు రారు

మన ఊళ్లలో ఇచ్చే చేయి ఉంది. అడిగే సమయమూ, అడిగే వస్తువూ తప్పుతున్నాయి. దాళ్వా (రెండో పంట) ధాన్యం డబ్బు చేతికి రాకముందు రైతు దగ్గరికి, రొయ్యల ధర పడిపోయిన వారంలో చెరువు యజమాని దగ్గరికి వెళ్లకూడదు. "మీకు తోచింది ఇవ్వండి" అనకండి. "ఆడపిల్లల మరుగుదొడ్లకు నీటి ట్యాంకు, మోటారు, ఇంత ఖర్చు" అని ఒక్క కాగితం చూపండి. సీపీడీసీ (కళాశాల ప్రణాళిక, అభివృద్ధి మండలి) సమావేశం పెట్టి, తీర్మానం రాసి, వస్తువుగానే తీసుకోండి. ఆరు నెలలకు ఆ దాతను పిలిచి నీళ్లు వస్తున్నాయని చూపించండి.

సమస్య: బిల్లు మన దగ్గర దాటింది, ట్రెజరీ దాటింది, డబ్బు పడలేదు

ఇక్కడ గట్టు మీద నడక పనికిరాదు. రాష్ట్ర స్థాయిలో చెల్లింపు ఆగితే కళాశాల చేయగలిగింది తక్కువ. అధ్యాపక పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉండటమూ అంతే. అయినా రెండు పనులున్నాయి. బిల్లు నంబరు, తేదీ, మొత్తం ఒక పుస్తకంలో రాసి, ప్రతి నెలా రాతపూర్వకంగా గుర్తు చేయండి. గంటల లెక్కన పని చేసే అతిథి అధ్యాపకులకూ, సరఫరాదారుకూ ఉన్న నిజం చెప్పండి. రేపు పడుతుంది, ఎల్లుండి పడుతుంది అని వారిని తిప్పకండి. వారి ఇంట్లోనూ పాలవాడు ఉంటాడు.

సమస్య: ప్రవేశాలు తగ్గుతున్నాయి, పోస్టు పోయేలా ఉంది

అసిస్టెంట్ ప్రొఫెసరుకు వారానికి 16 గంటల బోధన ఉండాలన్నది యూజీసీ నియమం. పిల్లలు తగ్గితే సెక్షన్ పోతుంది, గంటలు తగ్గుతాయి, పోస్టు వేరే కళాశాలకు తరలిపోతుంది. కరపత్రాలు పంచే ముందు, చేరిన పిల్లలు ఎందుకు మానేస్తున్నారో అడగండి.

మా కళాశాలలో లంక గ్రామాల ఆడపిల్లలు సైన్సు గ్రూపు వదిలేసేవారు. రేవు దగ్గరికి వెళ్లే చివరి పల్లె వెలుగు బస్సు మూడున్నరకు, ప్రాక్టికల్స్ రెండు నుంచి ఐదు వరకు. బస్సు తప్పితే పడవ తప్పినట్టే. అప్పటి ఎఫ్‌ఏసీ ప్రిన్సిపాల్ బస్సు పాసుల జాబితా, పిల్లల సంతకాలు పట్టుకుని డిపో మేనేజరు దగ్గరికి నాలుగుసార్లు వెళ్లారు. ఆ బస్సు ఐదుంపావుకు మారింది. జనవరిలో మళ్లీ సాయంత్రాలు కెమిస్ట్రీ గదిలో దీపాలు వెలిగాయి.