లైవ్ స్టూడియోలో ఒక్కో సీటు పని ఎలా నేర్చుకోవాలి?

విశాఖలో టీవీ పని నేర్చుకుందామని వచ్చే కుర్రాళ్లను, అమ్మాయిలను ఏం కావాలని అడిగితే ఎక్కువగా వినిపించే జవాబులు రెండే. యాంకర్, లేదంటే కెమెరామన్. కానీ లైవ్ నడవాలంటే ఫ్లోర్ మేనేజర్, టెలీప్రాంప్టర్, ఆడియో, గ్రాఫిక్స్, స్విచ్చర్, వీళ్లందరినీ నడిపించే ప్యానెల్ ప్రొడ్యూసర్, అందరూ ఒకే సమయంలో పనిచేయాలి. అందుకే నేను గట్టిగా చెప్పేది ఒకటే: నచ్చిన సీటు పట్టుకుని కూర్చోకుండా అన్ని సీట్లలోనూ కొన్నాళ్లు పనిచేయండి. మీ పక్కవాళ్లకు మీ నుంచి ఏం కావాలో, ఎప్పుడు కావాలో తెలిసినవాళ్లే లైవ్‌లో పనికొస్తారు.

ఇక్కడ నేర్చుకునే చోటేదీ అని దిగులుపడక్కర్లేదు. లోకల్ కేబుల్ చానెళ్లు, యూట్యూబ్ న్యూస్ స్టూడియోలు, పెళ్లిళ్లకూ సభలకూ లైవ్ ఇచ్చే యూనిట్లు ఊళ్లో ఉన్నాయి. పద్ధతిగా చదువుకోవాలనుకుంటే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జర్నలిజం విభాగం ఉంది. సింహాచలం చందనోత్సవానికో, మధురవాడ స్టేడియంలో మ్యాచ్‌కో లైవ్ టీమ్‌లు దిగినప్పుడు అదనపు మనుషులు కావాల్సి వస్తుంది. పైగా చిన్న సెటప్‌లో ఒకే మనిషి రెండు మూడు పనులు చేయాలి. నేర్చుకునేవాళ్లకు అదే లాభం.

ముందు హెడ్‌సెట్ పెట్టుకుని వినండి

యాంకర్ కూర్చునేది స్టూడియో ఫ్లోర్ మీద. బొమ్మలు మార్చేది, మైకులు తెరిచేది పీసీఆర్‌లో, అంటే ప్రొడక్షన్ కంట్రోల్ రూమ్‌లో. ఈ రెండింటినీ కలిపేది టాక్‌బ్యాక్, అంటే టీమ్ అంతా హెడ్‌సెట్‌లలో మాట్లాడుకునే లైన్. మొదటి రోజుల్లో ఏ బటనూ ముట్టుకోకుండా అందులో మాటలు మాత్రమే వినండి. ‘కెమెరా టూ స్టాండ్‌బై’ అన్నాక కాసేపటికి ‘టేక్’ అని వినిపిస్తుంది. సిద్ధంగా ఉండమని చెప్పకుండా ఏ పనీ చేయమనరు. ఆ రెండు మాటల మధ్య వ్యవధిలో ఎవరి చేతులు ఎటు కదులుతున్నాయో గమనించండి. బులెటిన్ నడుస్తున్నప్పుడు టాక్‌బ్యాక్‌లో కబుర్లు వద్దు. అడిగినదానికి ఒక్క ముక్కలో జవాబు చెప్పాలి.

ఫ్లోర్ నుంచి మొదలుపెట్టండి

కేబుళ్లు చుట్టడం, గెస్ట్‌ను కూర్చోబెట్టడం, మైక్ పెట్టడం చిన్న పనులని అనుకోకండి. కాలర్ మైక్ గడ్డానికి జానెడు కింద ఉండాలి. గెస్ట్ యాంకర్ వైపు తిరిగి మాట్లాడతారు కాబట్టి మైక్‌ను అటువైపే పెట్టాలి. గంజి పెట్టిన కాటన్ చీర పమిట మైక్‌కు రాసుకుంటే ఆ చప్పుడంతా జనానికి వినిపిస్తుంది. పమిటను కాస్త పక్కకు సర్దుకోమని మేడంగారిని మర్యాదగా అడగండి. వైరును చిన్న మెలికగా చుట్టి లోపలివైపు టేప్ వేస్తే వైరు లాగినప్పుడు ఆ కుదుపు మైక్ దాకా రాదు. బ్యాటరీలో ఇంకా చార్జ్ ఉంది కదా అని లైవ్‌కు వెళ్లకండి. కొత్తవి వేయండి.

లైవ్ మొదలయ్యే ముందు యాంకర్‌కు కౌంట్ చెప్పేటప్పుడు పది నుంచి నాలుగు దాకా నోటితో చెప్పి, చివరి మూడూ వేళ్లతోనే చూపించండి. అప్పటికి మైకులు తెరిచి ఉండొచ్చు. యాంకర్ కళ్లు తిప్పే పని లేకుండా లెన్స్ పక్కనే నిలబడండి.

యాంకర్ చదవాల్సిన స్క్రిప్ట్‌ను లెన్స్ ముందు నడిపించే టెలీప్రాంప్టర్‌లో సూత్రం ఒక్కటే: యాంకర్ వేగాన్ని మీరు అనుసరించాలి. ఆమె ఆగితే మీరూ ఆగాలి. ‘రూ.1,25,000’ అని ఉంటే ముందే ‘లక్షా పాతిక వేల రూపాయలు’ అని మార్చి పెట్టండి. లైవ్‌లో సున్నాలు లెక్కపెట్టే తీరిక ఎవరికీ ఉండదు.

కెమెరా

స్టూడియో కెమెరా పని పైకి తేలిగ్గానే కనిపిస్తుంది. ముందు సెట్ లైట్ల కింద తెల్ల కాగితం పెట్టి వైట్ బ్యాలెన్స్ చేయండి. పాతరకం పసుపు లైట్లు దాదాపు 3200 కెల్విన్, పగటి వెలుగు 5600 కెల్విన్. రెండూ కలిసిపోతే యాంకర్ ముఖం సగం పసుపుగా, సగం నీలంగా వస్తుంది. తర్వాత కంటి దాకా పూర్తిగా జూమ్ చేసి ఫోకస్ చూసుకుని, అప్పుడు వెనక్కి రావాలి. కెమెరా మీద ఎర్ర లైటు వెలిగిందంటే మీ బొమ్మే ఆన్ ఎయిర్‌లో ఉంది, కదలకండి. అది ఆరగానే, ఎవరూ అడగకముందే తర్వాతి ఫ్రేమ్ కట్టి ఉంచండి.

మన ఊరికి ప్రత్యేకమైన జాగ్రత్త ఒకటుంది. ఏసీ స్టూడియోలోంచి కెమెరాను నేరుగా బీచ్ రోడ్డుకు తీసుకెళ్తే లెన్స్ మీద ఆవిరి పట్టేస్తుంది. లైవ్‌కు అరగంట ముందే బయటికి తెచ్చి బ్యాగులోనే ఉంచండి. కెమెరా బయటి వేడికి అలవాటు పడ్డాకే బ్యాగు తెరవండి. తిరిగొచ్చాక ఫిల్టర్ మీద, ట్రైపాడ్ కాళ్ల మీద ఉప్పు లేకుండా తుడవడం మరిచిపోవద్దు.

ఆడియో: ఇక్కడ ఎక్కువ రోజులు ఉండండి

బొమ్మ ఒక క్షణం పోయినా జనం ఓర్చుకుంటారు, మాట పోతే చానెల్ మార్చేస్తారు. డిజిటల్ మీటర్ మీద మాట మైనస్ 20కీ మైనస్ 10 డెసిబెల్స్‌కీ మధ్య ఆడుతుంటే నిశ్చింత. సున్నాను తాకితే గొంతు పగిలినట్టు వస్తుంది, దాన్ని తర్వాత బాగుచేయలేం. మాట్లాడబోయేవాళ్ల ఫేడర్‌నే (మిక్సర్ మీద సౌండ్ పెంచే, తగ్గించే మీటనే) ఎత్తండి, మిగతావి దించండి. స్పీకర్‌ను నమ్మకండి, హెడ్‌ఫోన్ పెట్టుకోండి.

కొత్తవాళ్లు తడబడేది బయటి లైవ్ దగ్గర. ఫిషింగ్ హార్బర్ నుంచి రిపోర్టర్ మొబైల్ నెట్‌వర్క్ మీద లైవ్ ఇస్తున్నాడనుకుందాం. అతని మాట స్టూడియోకు చేరడానికి ఒకటి రెండు సెకన్లు పడుతుంది. స్టూడియో సౌండ్ మొత్తం అతనికి తిరిగి పంపితే తన గొంతే తనకు ఆలస్యంగా వినిపించి మాట ఆగిపోతుంది. అందుకని అతని గొంతును తీసేసి మిగతాదంతా అతనికి పంపాలి. దీన్ని మిక్స్ మైనస్ అంటారు. ఏ స్టూడియోలో అడుగుపెట్టినా ఆ లైన్ మిక్సర్‌లో ఎక్కడుందో మొదటే అడిగి తెలుసుకోండి.

గ్రాఫిక్స్ గురించి ఒక్క మాట: పేరు, ఊరు, హోదా ఇంకొకరికి చూపించి గానీ ఆస్టన్ (తెర కింద పడే పేరు పట్టీ) వేయకండి. ఒకరి పేరు తప్పుగా వేయడం వాళ్లను అవమానించడమే.

స్విచ్చర్, ఆ తర్వాత ప్యానెల్

స్విచ్చర్ మీద రెండు వరుసలుంటాయి. ప్రోగ్రాంలో ఉన్నది జనం చూస్తున్న బొమ్మ, ప్రివ్యూలో ఉన్నది రాబోయేది. దీన్ని ఇంట్లోనే సాధన చేయొచ్చు. ఓబీఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో స్టూడియో మోడ్ ఆన్ చేసి, రెండు పాత ఫోన్లను కెమెరాలుగా కలపండి. తమ్ముణ్ని యాంకర్‌గా, నాన్నగారిని గెస్ట్‌గా కూర్చోబెట్టి ఇంటర్వ్యూ నడపండి. ప్రశ్న పూర్తయ్యాక, జవాబు మొదలయ్యే ముందు కట్ చేయడం చేతికి అలవాటు కావాలి. ఎఫెక్టుల జోలికి ఇప్పుడే వెళ్లకండి.

ప్యానెల్ ప్రొడ్యూసర్ సీటు చివర్లోనే. అక్కడ అసలు పని టైమును వెనక నుంచి లెక్కపెట్టుకోవడం. బులెటిన్ 7:27:00కు ముగియాలి. యాంకర్ నమస్కారానికి 15 సెకన్లు, చివరి హెడ్‌లైన్స్‌కు 45 సెకన్లు. అంటే హెడ్‌లైన్స్ 7:26:00కు మొదలవ్వాలి. దానికి ముందు వాతావరణం స్టోరీ 1 నిమిషం 20 సెకన్లు ఉంటే అది 7:24:40కు పడాలి. హార్బర్ లైవ్ ఎంత బాగా నడుస్తున్నా ఆ సమయానికి ఆపాల్సిందే.

ప్రతి లైవ్ ఐటమ్ పక్కనా, అది రాకపోతే ఏం వేయాలో రన్‌డౌన్‌లో (ఏ ఐటమ్ తర్వాత ఏది వస్తుందో రాసిన జాబితాలో) ముందే రాసి ఉంచండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఈ నగరంలో కరెంటూ ఫోన్ సిగ్నళ్లూ రోజుల తరబడి లేవు. లైన్ తెగాక ఏం వేయాలా అని ఆలోచిస్తే అప్పటికే తెర ఖాళీగా ఉంటుంది.

ఇక ఎలా అడగాలంటే, పెద్ద మాటలేం అక్కర్లేదు. ‘సార్, ఒక్క బులెటిన్ పీసీఆర్‌లో వెనక నిలబడి చూస్తాను, అయ్యాక కేబుళ్లు చుట్టిపెడతాను’ అని స్టూడియో ఇన్‌చార్జ్‌ను అడగండి. సాయంత్రం ప్రైమ్ టైమ్‌లో కాకుండా ఉదయం బులెటిన్లు అయిపోయి మనుషులు టీ తాగే వేళకు వెళ్లండి.